పెట్టెలో పాత దుడ్లు: పేరు తర్వాత, ముందు తూకం

మన చిత్తూరు వైపు పాత ట్రంకు పెట్టె తెరిస్తే ఒకే మూటలో రాణి బొమ్మ రూపాయలు, నల్లబడిన రాగి కాసులు, కువైట్ నుంచి వచ్చిన ఫిల్సుల చిల్లర కలిసి బయటపడటం మామూలే. అందరూ ముందు అడిగేది "దీన్నేమంటారు?" అనే. నేనైతే ముందు తూచమంటాను. డబ్బు పేర్లు వందల ఏళ్లు నిలుస్తాయి, వాటి కింద లోహం, బరువు మారిపోతుంటాయి.

రూపాయినే చూడండి. షేర్షా సూరి 1540ల్లో కొట్టించిన వెండి రూపాయి సుమారు పదకొండున్నర గ్రాములు. 1835లో ఈస్ట్ ఇండియా కంపెనీ తన ఇలాకా అంతటికీ ఒకే రూపాయి పెట్టినప్పుడు బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. పన్నెండు పాళ్లలో పదకొండు వెండి. 1940లో వెండి సగానికి పడింది. 1947 రూపాయిలో వెండి అసలు లేదు, అంతా నికెల్. ఇప్పుడు మన జేబులో ఉన్నది అందులో సగం బరువైనా లేని స్టీలు. పేరు మాత్రం అదే.

కాబట్టి గ్రాములో నూరో వంతు చూపే చిన్న కాటా, ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. 1947 రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది, వెండిది అంటుకోదు. అంటుకోనిదల్లా వెండి అనుకోవద్దు, సీసం కూడా అంటుకోదు. అరుగుదలకు కొంత తగ్గినా పర్వాలేదు గానీ తేడా గ్రాము దాటితే అనుమానించాలి. విక్టోరియా రూపాయి మీద 1862 అని ఉంటే తొందరపడి సంబరపడొద్దు. 1874 దాకా అదే సంవత్సరం వేసి కొట్టారు, అందుకే అవి అన్ని ఉన్నాయి.

రూపాయి కంటే ముందు ఈ సీమ డబ్బు వరహా. వరాహావతారం పేరు మీద వచ్చిన ఈ బంగారు నాణెం దాదాపు 3.4 గ్రాములు, బొటనవేలి గోరంత ఉంటుంది. చంద్రగిరి నుంచి కూడా ఏలిన రెండో వేంకటపతిరాయలు (1586-1614) వేయించిన వరహా మీద ముందువైపు తోరణం కింద నిలుచున్న స్వామి, వెనక మూడు వరసల నాగరి లిపిలో "శ్రీ వేంకటేశ్వరాయ నమః". మన కొండ దేవుడు దేశపు డబ్బు మీద నిలబడ్డాడన్న సంగతి తిరుపతిలోనే చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. తర్వాత మద్రాసు కోటలో కంపెనీవాళ్లూ స్వామినీ ఇద్దరు దేవేరులనూ వేసి బంగారు వరహాలు కొట్టారు.

మోసం జరిగేది ఇక్కడే. ఒకవైపు రామ పట్టాభిషేకమో హనుమంతుడో, రెండోవైపు "ఈస్ట్ ఇండియా కంపెనీ, అర్ధణా, 1818" అని ఉన్న రాగి, ఇత్తడి బిళ్లలు లక్షలు పలుకుతాయని అమ్మజూపుతారు. కంపెనీ అలాంటి అణాలు ఎన్నడూ వేయలేదు. అవి తర్వాతి కాలంలో తయారైన బిళ్లలు.

వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు, మొత్తం 3360 కాసులు. 1818లో మద్రాసు ప్రెసిడెన్సీలో వరహాను పక్కనబెట్టి, మూడున్నర రూపాయలకు ఒక వరహా అని లెక్క కట్టారు. అంటే రూపాయికి 960 కాసులు. ఇరవై కాసుల రాగి బిళ్ల రూపాయిలో 48వ వంతు. లెక్క ఎక్కడా తేడా పడదు. ఇంగ్లండులో అచ్చువేసి మద్రాసుకు పంపిన 1803, 1808 నాటి ఈ బిళ్ల ఒకవైపు కంపెనీ ముద్ర, రెండోవైపు పార్సీలో "ఇరవై కాసులు నాలుగు ఫలూసులు" అని ఉంటుంది. ఆ ఫలూసూ, కువైట్ ఫిల్సూ ఒకే మాట. రోమనుల ఫోలిస్ అనే నాణెం పేరు అరబ్బుల నోట అలా మారింది. దినారూ అంతే, రోమనుల డెనారియస్.

మూటలో పాత పది రూపాయల నోటు మామూలు రంగులో లేకుండా, నంబరు ముందు జెడ్ అక్షరంతో కనిపిస్తే దాచిపెట్టండి. గల్ఫ్ దేశాల్లో చెలామణికి మన రిజర్వు బ్యాంకే 1959లో వేసిన గల్ఫ్ రూపాయి అది. 1961లో కువైట్ దినారు వచ్చినప్పుడు మారకం దినారుకు పదమూడు రూపాయలూ, పైన రూపాయిలో మూడో వంతూ (13⅓).

పావలా సంగతి వేరు. నాలుగు అణాలకు పుట్టిన పేరు 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చాక 25 నయాపైసలకు అతుక్కుంది. రెండణాల బేడ మాత్రం పన్నెండున్నర పైసలు కావడంతో, దానికి సరిపడే కొత్త నాణెం లేక కనుమరుగైంది.

రాగి కాసులను చింతపండుతో తోమకండి. పులుపు పైపొరతో పాటు అక్షరాలనూ తినేస్తుంది, నాణెం విలువ అక్కడే పడిపోతుంది. డిస్టిల్డ్ వాటరులో నానబెట్టి, నూలుగుడ్డతో అద్ది, బాగా ఆరాక కాగితం కవర్లో పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లలో రాగి పచ్చబడుతుంది.

పొలం దున్నుతుంటే దొరికినవైతే దారి వేరు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. వందేళ్లు దాటిన నాణేన్ని అనుమతి లేకుండా విదేశానికి పంపడం కూడా నేరమే, అమెరికాలో ఉన్న అబ్బాయికి పార్సిలు కట్టేముందు ఇది చూసుకోండి.