చెన్నైలో ఓడ దిగి ఐదు రూపాయల రైలెక్కాం

చెన్నైలో ఓడ ఆగే రోజుకి టూరు కొనకండి. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇంటికొచ్చి పెట్టెలు సర్దుకున్నా నాకింకా కోపం చల్లారలేదు. హార్బరు గోడ దాటితే రాజాజీ సాలై. ఆ రోడ్డు మీదే సిటీ బస్సులు, ఆ రోడ్డుకి అవతలి పక్కే బీచ్ స్టేషను. ఊరంతా తిరగడానికి ఇంకేం కావాలి? కష్టమల్లా ఓడ నిచ్చెనకీ ఆ గోడకీ మధ్యనే ఉంది. ఆ కాస్త దూరంలోనే మా అత్తయ్యగారికి అవమానం జరిగింది. ఇది రాస్తున్నది అందుకే.

మేం విశాఖలో ఎక్కి, పుదుచ్చేరి, చెన్నై చూసి మళ్ళీ విశాఖలో దిగేలా టిక్కెట్టు తీసుకున్నాం. ఎక్కడం, గది, భోజనాలు, వీటిలో దేనికీ వంక పెట్టను. పుదుచ్చేరి కూడా హాయిగా గడిచింది. చెన్నైలో మాత్రం అత్తయ్యగారు ఒకటే అడిగారు. ఆవిడ పుట్టిల్లు నెల్లూరు. వాళ్ళ నాన్నగారు ఆంధ్ర రాష్ట్రం కోసం ఊరూరా తిరిగినాయన. “పొట్టి శ్రీరాములుగారు పోయిన ఇల్లు మైలాపూరులో ఉందిట, నాన్న చెబుతుండేవారు. నన్నక్కడికి తీసుకెళ్ళమ్మా, ఇంకేం వద్దు” అన్నారు.

ఓడలో టూరు కౌంటర్లో అడిగితే ఆ పేరే వినలేదన్నట్టు చూశారు. వాళ్ళ టూరులో మెరీనా, శాంథోమ్ చర్చి, కపాలీశ్వరుడి గుడి, ఆఖర్న ఒక చీరల షాపు. షాపులో గంటన్నర, మెరీనాలో ఇరవై నిమిషాలు! మనిషికి వాళ్ళడిగిన డబ్బుతో మా ముగ్గురికీ రెండు పూటలా మంచి హోటల్లో భోజనం అయిపోతుంది. వద్దన్నాను. “పెద్దావిడతో బస్సుల్లో తిరుగుతారా మేడమ్, ఓడ తప్పిపోతే మా పూచీ లేదు” అన్నాడు కౌంటర్లో అబ్బాయి. మేం తెలుగు వాళ్ళమే, అతనూ తెలుగు వాడే. భయపెట్టి అమ్మడం ఒక వ్యాపారమా?

ఇక పొద్దున సంగతి. హార్బరులో ప్రయాణికుల్ని నడవనివ్వరు. క్రేన్లు, కంటైనర్ లారీలు తిరిగే చోటు కాబట్టి ఆ రూలు సరైనదే. ఓడ దగ్గర్నుంచి గేటు దాకా షటిల్ బస్సులో తీసుకెళ్ళి దింపుతారు. మేం దిగేసరికి బస్సు నిలబడి ఉంది. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, అందుకని మొదటి సీట్లోనే కూర్చోబెట్టాం. ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. అంతలో చేతిలో అట్ట, మెళ్ళో కార్డు వేసుకున్న ఒక కుర్రాడు ఎక్కాడు. ఓడ మనిషి కాదు, టూరు కాంట్రాక్టు వాళ్ళ తాలూకు. టూరు కొన్నవాళ్ళ చొక్కాలకి నీలం స్టిక్కరు అంటించారు. మాకు లేదు.

“స్టిక్కర్ ఏదమ్మా?”

“టూరు తీసుకోలేదు బాబూ. గేటు దాకా వస్తాం.”

“అయితే దిగండి. ఇది టూరు బస్సు.”

“మాకు బస్సెప్పుడు?”

“వస్తుంది. దిగండి ముందు, లైను ఆగిపోతోంది.”

అత్తయ్యగారు లేవడానికి రెండు చేతులూ ఆనించుకోవాలి, టైము పడుతుంది. ఆ కుర్రాడికి అంత ఓపిక లేదు. ఆవిడ ఒళ్ళోంచి సంచీ తీసి ఫుట్‌బోర్డు మీద పెట్టేశాడు. డెబ్బై దాటిన మనిషి ఒళ్ళోంచి, అడక్కుండా! ఆవిడ ఒక్క మాటన్లేదు. రాడ్డు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు, దిగి “పదమ్మా, మనకెందుకు గొడవ” అన్నారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, నేలచూపులు చూస్తూ అన్నారు ఆ మాట.

నాకు ఆ కుర్రాడి మీద కంటే బస్సులో కూర్చున్నవాళ్ళ మీద ఎక్కువ కోపం వచ్చింది. అందులో సగం మంది మన విశాఖవాళ్ళే. ముందు రోజు రాత్రి మాతో కలిసి తంబోలా ఆడినవాళ్ళున్నారు. అత్తయ్యగారి చేత పాట పాడించి చప్పట్లు కొట్టినవాళ్ళున్నారు. ఒక్కరంటే ఒక్కరు “పెద్దావిడ కూర్చోనీ బాబూ” అన్లేదు. ఫోన్లు చూసుకున్నారు. వెనక సీట్లు ఖాళీగా ఉండగానే బస్సు వెళ్ళిపోయింది. డబ్బు కట్టి స్టిక్కరు అంటించుకున్నంత మాత్రాన పక్క మనిషి పరాయివాడైపోతాడా? మన పిల్లలకి లేవండి, పెద్దవాళ్ళకి సీటివ్వండి అని చెబుతాం. చెప్పే మనమే ఇలా కూర్చుంటే వాళ్ళు ఎవర్ని చూసి నేర్చుకుంటారు?

ఓడ నీడలో నిలబడ్డాం. నీడ అనే గానీ, ఆ ఇనుప గోడ సెగ కొడుతుంది. ఇంకో బస్సొచ్చింది. మళ్ళీ అదే కుర్రాడు, అదే మాట. అప్పుడు బ్యాగులోంచి కాగితం తీశాను. రోజూ సాయంత్రం గదిలో పడేసే కార్యక్రమాల కాగితం ఒకటుంటుంది, చాలామంది దాన్ని గ్లాసు కింద పెట్టుకుంటారు. నేను అక్షరం వదలకుండా చదువుతాను. అందులో స్పష్టంగా ఉంది, “గేటు వరకు ప్రయాణికులందరికీ ఉచిత షటిల్” అని. అందరికీ వినబడేలా చదివాను. “అది పాతది మేడమ్” అన్నాడు. పైన ఆ రోజు తేదీ వేసి ఉంది, చూపించాను. “మాకు చెప్పింది వేరు” అన్నాడు. “సరే బాబూ, ఈ కాగితం చెల్లదని దీని వెనకే రాసి, నీ పేరు రాసి సంతకం పెట్టు. మేం వెనక్కి గదికి వెళ్ళిపోతాం” అని పెన్ను కూడా అతని చేతికిచ్చాను.

పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. రాయలేదు. మా ఆయన ఈలోగా నిచ్చెన దగ్గరున్న ఓడ ఆఫీసర్ని పిలుచుకొచ్చారు. ఆయన కాగితం చూశాడు, ఆ కుర్రాడికి హిందీలో రెండు ముక్కలు చెప్పాడు, మమ్మల్ని ఎక్కించారు. ఎవరూ సారీ చెప్పలేదు. నా పెన్ను నేనే అడిగి తీసుకున్నాను.

ఇరవై ఏళ్ళు ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా చేసినదాన్ని, నాకు తెలిసిన విద్య ఇదొక్కటే, ఇది ఎక్కడైనా పనిచేస్తుంది. నోటితో ఎంతైనా అంటారు, రాసి సంతకం పెట్టమంటే ఎవరూ పెట్టరు. మీరు వెళ్ళినప్పుడు ఆ కాగితం, ఓడ కార్డు, ఆధార్ మూడూ పైజేబులోనే ఉంచుకోండి. గేటు దగ్గర దిగగానే ఆ గేటు నంబరు బోర్డుని ఫొటో తీసుకోండి. హార్బరుకి చాలా గేట్లున్నాయి, గోడ మైళ్ళ పొడవుంటుంది, సాయంత్రం ఆటో అతనికి “హార్బరు” అని మాత్రం చెబితే లారీల గేటు దగ్గర దింపినా దింపుతాడు.

గేటు బయట ఆటోలవాళ్ళు చుట్టుముట్టారు. బీచ్ స్టేషనంటే “ఈరోజు రైళ్ళు లేవు సార్” అని ఒకరు, “చాలా దూరం, అయిదొందలు” అని ఒకరు. మా ఆయన మెత్తబడబోయారు. నేను ఆగకుండా, స్టేషను దాకా బస్సులో వెళదామని బస్టాపు వైపు నడిచాను. చెన్నైలో ముందు భాగం గులాబీ రంగు వేసిన మామూలు బస్సుల్లో 2021 నుంచి ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. ఏ ఊరని అడగరు, కార్డు అడగరు. అత్తయ్యగారికీ నాకూ సున్నా టిక్కెట్లు, మా ఆయనకి అయిదు రూపాయలు. అక్కడ కండక్టరు మన దగ్గరలా బస్సంతా తిరగడు, తన సీట్లోనే కూర్చుంటాడు. డబ్బు ముందున్న మనిషికిస్తే చేతులు మారుతూ వెళుతుంది, టిక్కెట్టూ చిల్లరా అలాగే చేతులు మారుతూ వెనక్కొస్తాయి. పొద్దున జరిగినదాని తర్వాత, ముక్కూ మొహం తెలియని వాళ్ళు మా ఆయన చిల్లర రూపాయితో సహా అందించడం చూసి నాకు ప్రాణం కుదుటపడింది. ఒకమ్మాయి లేచి అత్తయ్యగారికి సీటిచ్చింది, ఎవరూ చెప్పకుండానే.

బీచ్ స్టేషను అంటే మెరీనా అనుకోకండి, మెరీనా అక్కడ లేదు. మెరీనాకి వెళ్ళాలంటే వేళచ్చేరి రైలెక్కి చెప్పాక్కంలోనో, తిరువల్లిక్కేణిలోనో, లైట్‌హౌస్‌లోనో దిగి కాస్త నడవాలి. బీచ్ నుంచి రెండు దార్లు. ఒకటి తాంబరం, చెంగల్పట్టు వైపు పాత లోకల్. అది తాంబరం దాకా 1931 నుంచి కరెంటు మీద నడుస్తున్న దారి. రెండోది వేళచ్చేరి వైపు, వంతెనల మీద పోయేది. దాని మొదటి ముక్క 1995లో మొదలైంది, వేళచ్చేరి దాకా 2007లో వెళ్ళింది. మైలాపూరుకి ఈ రెండోదే. స్టేషను పేరు తిరుమయిలై అని ఉంటుంది. టిక్కెట్టు అయిదు రూపాయలు. ఒక్క జాగ్రత్త చెబుతాను, లోకల్ రైళ్ళలో ఫస్ట్ క్లాసు పెట్టె వేరే ఉంటుంది. ఖాళీగా ఉంది కదా అని ఎక్కితే జరిమానా. ఆడవాళ్ళ పెట్టె కూడా వేరే ఉంది, కానీ మేం ముగ్గురం కలిసి మామూలు పెట్టెలోనే ఎక్కాం.

రైల్లో ఎదురుగా కూర్చున్న ముసలాయన మా మాటలు విని “ఎక్కడికిమా పోయేది?” అన్నారు. చెన్నై తెలుగు. “తిరుమయిలైనా? నేనూ ఆడనే దిగేది, రాండి. మెట్లు జాస్తి ఉండాయి, అమ్మని మెల్లగా దింపుకోండి” అని మాతోపాటే దిగారు. చెప్పాక్కం దాటాక కింద నల్లటి నీళ్ళ కాలువ కనిపిస్తుంది, దారిలో చాలా భాగం ఆ కాలువ పక్కనే. అదేంటని అత్తయ్యగారు అడిగితే ఆయన “బకింగ్‌హాం కాలవ” అన్నారు. ఆవిడ కిటికీకి జరిగారు. నెల్లూరు జిల్లా రేవుల్నుంచి పడవలు మద్రాసు వచ్చింది ఈ కాలువ మీదే. వాళ్ళ నాన్నగారు చిన్నప్పుడు బియ్యం పడవల్లో ఒకసారి ఇలాగే వచ్చారట. తిరుమయిలై వచ్చేదాకా ఆవిడ కళ్ళు ఆ నీళ్ళ మీదే ఉన్నాయి.

స్టేషను బయట లజ్ దగ్గర మెట్రో తవ్వకాలు, రోడ్లకి రేకుల అడ్డాలు. అవి తప్పించుకుని రాయపేట హైరోడ్డులోకి వెళ్ళి 126 నంబరు ఇల్లు పట్టుకున్నాం. స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తిగారి ఇల్లు అది. శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి, 58 రోజులకి, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచింది అక్కడే. నాలుగు రోజులకి, 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. అత్తయ్యగారు ఈ తేదీలన్నీ చూడకుండా చెబుతారు. చెప్పులు విప్పి, దారిలో కొన్న మల్లెపూలు పెట్టి, చాలాసేపు నిలబడ్డారు. “ఆయన ఆకలితో పోతుంటే ఇక్కడ ముఖ్యమంత్రి రాజాజీ. పొద్దున మనం దిగిన రోడ్డు ఆయన పేరే కదూ?” అన్నారు. అవునన్నాను. ఇంకేం అన్లేదు.

మన తెలుగువాళ్ళు చెన్నై వెళ్ళి చీరలు కొనుక్కుని వస్తారు, ఈ ఇల్లు చూడరు. టూరువాళ్ళు పెట్టరు, మనం అడగం. అడిగితే పెడతారు. అడగండి.

మైలాపూరులో భోంచేశాం. కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం మూసి, సాయంత్రం నాలుగింటికి గానీ తెరవరు, కాబట్టి గుడి చూడాలనుకుంటే పొద్దున్నే వెళ్ళండి. మాకు గోపురం దర్శనమే అయింది. అదే రైల్లో వెనక్కొచ్చాం. ఓడ గడువుకి రెండు గంటల ముందే బీచ్‌లో దిగాం కాబట్టి మా ఆయన కోరిక కూడా తీరింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ ఓడ ఎండెన్ మద్రాసు మీద గుళ్ళు పేల్చిన గుర్తుగా హైకోర్టు ప్రహరీకి ఒక ఫలకం ఉంది, అది చూసొచ్చారు. మోకాళ్ళు ఓపలేవని స్టేషను నుంచి గేటుకి మాత్రం ఆటో ఎక్కాం. నంబరు ఫొటో చూపిస్తే తిన్నగా అక్కడే దింపాడు. హైకోర్టు, మణ్ణడి మెట్రో స్టేషన్లు కూడా ఈ చుట్టుపక్కలే. జార్జి టౌనులో కన్యకా పరమేశ్వరి గుడికో, సెంట్రలుకో, విమానాశ్రయానికో వెళ్ళేవాళ్ళకి మెట్రోయే సుఖం.

గేటు లోపల షటిల్ దగ్గర మళ్ళీ ఆ కుర్రాడే. నా చేతిలో కాగితం చూసి పక్కకి తప్పుకున్నాడు. టూరు బస్సులు మా తర్వాత వచ్చాయి, చీరల షాపు దగ్గర ఆలస్యమైందట.

ఆ రాత్రే ఓడ రిసెప్షన్లో ఫిర్యాదు రాసిచ్చాను. కాగితం కాపీ జతచేసి, అందినట్టు సంతకం తీసుకున్నాను. విశాఖ వచ్చాక అదే ఈ-మెయిల్లోనూ పంపాను. ఆ కుర్రాడి ఉద్యోగం తీసేయమని రాయలేదు, అతనికి ఎవరో తప్పు చెప్పి ఉండొచ్చు. స్టిక్కరు లేనివాళ్ళకీ బస్సుందని అతనికి రాతపూర్వకంగా ఇవ్వమని, అత్తయ్యగారికి క్షమాపణ పంపమని రాశాను. ఇంకా జవాబు రాలేదు. సోమవారం మళ్ళీ రాస్తాను.