ప్రొబేషన్‌లో ఉండగా గృహరుణం: నా అనుభవం

నిన్న సాయంత్రం రుణ మంజూరు పత్రం చేతికి వచ్చింది. 45 లక్షలు, 20 ఏళ్లు. దరఖాస్తుదారుల్లో మొదటి పేరు నాది. ఆ పేరు మీద వేలు పెట్టి మా వారికి రెండుసార్లు చూపించాను.

విశాఖపట్నం దగ్గర పరవాడలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ విభాగంలో 12 ఏళ్లు పనిచేశాను. ఈ ఏడాది హైదరాబాదులో అదే పని, అంతకన్నా మంచి జీతంతో దొరికింది. పిల్లలు కొత్త బడికి అలవాటు పడేదాకా ఇంటిపట్టున ఉంటానని మా వారు తన ఉద్యోగం వదిలి నాతో వచ్చారు. నిజాంపేటలో అద్దెకు దిగాం. అదే వీధిలో ఒక పాత ఫ్లాటు 62 లక్షలకు అమ్మకానికి వచ్చింది. చూడటం, నచ్చడం, బేరం తెగడం వారంలో అయిపోయాయి.

12 ఏళ్లుగా నా జీతం పడిన బ్యాంకుకే ముందు వెళ్లాం. నా డబ్బు రాకపోకలన్నీ వాళ్ల కంప్యూటర్‌లోనే ఉన్నాయి కదా, పరిచయం చేసుకోనక్కర్లేదని అనుకున్నాను. అధికారి ఫైలు తెరిచి, నన్ను చూడకుండా మా వారిని అడిగారు: "మీరు ఎక్కడ పనిచేస్తున్నారు?" ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పారు. "అంటే మీకు ఆదాయం లేదన్నమాట. మరి వాయిదాలు ఎవరు కడతారు?"

"నేను కడతానండీ. దరఖాస్తు నాది" అన్నాను.

అప్పుడు నా నియామక పత్రం తీశారు. ఆరు నెలల ప్రొబేషన్ అనీ, ఆ లోపు కారణం చూపకుండా తొలగించవచ్చనీ ఉన్న వాక్యాన్ని పక్క కుర్చీల్లోని వాళ్లకు కూడా వినపడేలా పైకి చదివారు. పాత ఉద్యోగం వదలడానికీ కొత్తదాంట్లో చేరడానికీ మధ్య 19 రోజులు ఏం చేశారని అడిగారు. ఇల్లు ఖాళీ చేసి, సామాను లారీకెక్కించి, పిల్లలకు బడి వెతుక్కున్నామని చెప్పాను. "అమ్మా, మీ ఉద్యోగానికే భరోసా లేదు. సార్‌కు ఉద్యోగం వచ్చాక ఇద్దరూ కలిసి రండి" అని ఫైలు మూసి మా వారి చేతికిచ్చారు. నా చేతికి కాదు.

ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు ఇవ్వకూడదన్నది ఆ బ్యాంకు నిబంధన అయితే ఆ మాట చెబితే సరిపోయేది. మేం లేచి వచ్చేసేవాళ్లం. నలుగురి ముందు ఒక మనిషిని భార్య జీతం మీద బతికేవాడిలా నిలబెట్టే హక్కు ఎవరిచ్చారు? మగవాడు ఊరు మారితే భార్య ఉద్యోగం మానుకుని వెంట వెళ్లడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే, అప్పుడు ఆమె ఆదాయం గురించి ఎవరూ అడగరు. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

ప్రొబేషన్ నిబంధన అన్ని బ్యాంకుల్లో ఒకేలా ఉండదని మా ల్యాబ్‌లో ఒకావిడ చెప్పారు. ఒకే రంగంలో ఏళ్ల అనుభవం, నడుమ ఖాళీ లేని జీతం చూపితే కొందరు ఒప్పుకుంటారట. చూపడానికి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం పీఎఫ్ ఖాతా. కానీ పాత కంపెనీ నేను వదిలిన తేదీ అందులో వేయలేదు. ఐదుసార్లు ఫోన్ చేశాను, రేపు రేపంటూ గడిపారు. వదిలి రెండు నెలలు దాటితే ఆ తేదీని మనమే ఆధార్ ఓటీపీతో పీఎఫ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు. పది నిమిషాల పని. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే వాళ్లను బతిమాలేదాన్ని కాదు. పాత డబ్బు తీసేసుకోకుండా కొత్త ఖాతాకు బదిలీ చేయించుకున్నాను. 12 ఏళ్లలో ఒక్క నెల ఖాళీ లేని సర్వీసు కాగితం మీద కనిపించింది.

స్కూటీ అప్పు కూడా ముందే తీర్చేశాను. చేతికొచ్చే జీతం 84,000. వాయిదాలన్నీ కలిపి అందులో సగం దాటకూడదన్నది రెండో బ్యాంకు వాళ్ల లెక్క. ఇంటి వాయిదా 39,000 పైచిలుకు, స్కూటీది 3,400. అవి కలిస్తే 42,000 దాటిపోతుంది. మీరూ దరఖాస్తుకు ముందే ఈ కూడిక చేసుకోండి.

రెండో బ్యాంకులో అధికారి ప్రశ్నలన్నీ నన్నే అడిగారు. మా హెచ్ఆర్ నుంచి ఒక ధ్రువీకరణ ఉత్తరం కోరారు. అప్పులు ఎంత సక్రమంగా తీరుస్తామో చెప్పే సిబిల్ స్కోరు నాది 781 ఉండటం చూసి "బాగా కాపాడుకున్నారండీ" అన్నారు. కాపాడుకున్నాను మరి, ఇన్నేళ్లలో ఒక్క వాయిదా తప్పలేదు. ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు), లాయరు అభిప్రాయం, విలువ కట్టడం పది రోజుల్లో అయిపోయాయి.

ఈ ధర ఇంటికి 80 శాతం మించి అప్పు ఇవ్వరు. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ లెక్కలోకి రావు. తెలంగాణలో అవి ఏడున్నర శాతం, మాకు 4.65 లక్షలు. వాటితో కలిపి చేతి నుంచి 21 లక్షలకు పైగా పెట్టుకోవాలి. బంగారం ముట్టుకోకుండానే సర్దాను. ఇల్లు 50 లక్షలు దాటింది కనుక అమ్మినవారికిచ్చే సొమ్ములోంచి ఒక శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించే ఆదాయపు పన్ను) మనమే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, మరిచిపోకండి.

వచ్చే గురువారం రిజిస్ట్రేషన్. దానికి ముందు సోమవారం సగం రోజు సెలవు పెట్టాను. నా 12 ఏళ్ల ఖాతా ఇంకా ఆ మొదటి బ్యాంకులోనే ఉంది. మూసేయడానికి ఆ బల్ల దగ్గరికే వెళ్తున్నాను, మా వారితో కలిసి.