స్పిరులినా మాత్రలతో నా 3 నెలలు

పోయిన వేసవిలో మెట్లెక్కితే ఆయాసం, అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4, విటమిన్ బి12 142, రెండూ తక్కువే. మా ఇంట్లో గుడ్డు కూడా తినం. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపే మా వదిన ఫోన్ చేసి, "స్పిరులినా వాడు, అందులో లేనిది లేదు. నేను ఏడాదిగా వాడుతున్నా" అంది. ప్రేమతో చెప్పిన మాట. ఆ నాచు మాత్రల డబ్బా మీద కూడా ఐరన్, బి12, ప్రోటీన్ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

మూత తీయగానే ఎండాకాలం అడుగంటిన చెరువు వాసన. మాత్ర ముదురు ఆకుపచ్చ, దాదాపు నలుపు. తడిచేత్తో పట్టుకుంటే వేళ్లకి రంగు అంటుకునేది, నోట్లో ఒక్క క్షణం ఆగితే నాలుక పచ్చబడేది. 500 మి.గ్రా. మాత్రలు పొద్దున 3, రాత్రి 3. మొదటి వారం కడుపుబ్బరం, తర్వాత సర్దుకుంది. కాస్త ఓపిక వచ్చినట్టు కూడా అనిపించింది. తిమ్మిర్లు మాత్రం తగ్గకపోగా చేతివేళ్లకి పాకాయి. పూలు గుచ్చుతుంటే వేళ్ల మధ్య సూది ఉందో జారిపోయిందో తెలిసేది కాదు. అప్పుడు పట్టుకుంది టెన్షన్.

మళ్లీ పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6, బి12 131.

ఈసారి రిపోర్టులూ డబ్బా రెండూ పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన విసుక్కోకుండా చెప్పారు. స్పిరులినాని నాచు అంటాం గానీ నిజానికి అది సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవి. అందులోని బి12లో ఎక్కువ భాగం రూపానికి బి12 లాంటిదే, మన ఒంటికి పనికిరాదు. ఇక ఐరన్: 100 గ్రాముల పొడిలో సుమారు 28 మి.గ్రా. నేను రోజుకి మింగింది 3 గ్రాములు, అంటే ఒక్క మిల్లీగ్రాము కూడా దక్కలేదు. ప్రోటీన్ లెక్క వేసుకున్నా 2 గ్రాముల లోపే, దానికన్నా గుప్పెడు వేయించిన శనగలు నయం. బి12 లోపాన్ని ఎక్కువకాలం వదిలేస్తే నరాలకి జరిగిన నష్టం పూర్తిగా తీరకపోవచ్చని ఆయన అన్నప్పుడు నా చేతులు చల్లబడ్డాయి.

లేస్తూ ఇంకో మాట అడిగాను. మా అత్తగారికి గుండె వాల్వు మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వేసుకుంటారు. ఆవిడకి క్లోరెల్లా ఇవ్వొచ్చా అని. వద్దమ్మా అన్నారు వెంటనే. క్లోరెల్లా అసలైన ఆకుపచ్చ నాచు, అందులో విటమిన్ కె ఎక్కువ, ఆ మందు పనికి అది అడ్డు తగులుతుందట. అడక్కుండా ఇచ్చేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఐరన్ మాత్ర నిమ్మరసంతో, కాఫీకి 2 గంటలు ఎడంగా వేసుకోమన్నారు. అలవాటైన కాఫీని ఆపుకోవడమే కష్టమైంది. 3 నెలలకి హిమోగ్లోబిన్ 11.7, బి12 480. చేతివేళ్లు బాగయ్యాయి, ఎడమ అరికాల్లో మాత్రం కొంచెం మిగిలింది.

వదినకి ఫోన్ చేసి, "మాత్రలు మానమనడం లేదు, ముందు బి12 ఒక్కటి చూపించుకో" అని బతిమాలాను. తనకీ ఈమధ్య పాదాలు మొద్దుబారుతున్నాయట, కొత్త చెప్పుల వల్ల అనుకుందట. నిన్న రక్తం ఇచ్చి వచ్చింది. రిపోర్టు రేపు సాయంత్రం వస్తుంది.