పాలమూరు రోడ్లకు నిధులు అడగాలంటే ముందు రిజిస్టర్ కావాలి

2025 జనవరిలో మహబూబ్‌నగర్ కార్పొరేషన్ అయింది. పక్క ఊళ్లు కలిశాయి, వాటి మట్టిదారులూ నగరం లెక్కలోకి వచ్చాయి. వాటికి సరిపడా నిధులు రాష్ట్రం ఇవ్వాలని అడగడం నూటికి నూరుపాళ్లు న్యాయం. ఇక్కడ బండి కొన్నవాళ్లు కట్టే లైఫ్ ట్యాక్స్ రాష్ట్ర ఖజానాకే పోతుంది. పెట్రోల్ మీద 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం వ్యాట్ కూడా అక్కడికే. ఆ బండ్లు తిరిగే గల్లీ రోడ్డు మాత్రం ఇంటిపన్ను మీద బతకాలి. కేంద్రం గ్రాంటు ఉంది కదా అంటారు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే. మిగతా 40 శాతంలోనే రోడ్లు, లైట్లు, అన్నీ సర్దుకోవాల్సి వచ్చింది.

అయితే "నగరంలో రోడ్ల అభివృద్ధికి నిధులు మంజూరు చేయాలి" అని ఒక్క ముక్క తీర్మానం పంపితే ఫైలు కదలదు. ఏ రోడ్డు ఎవరిది అన్నదే మొదటి కొర్రీ. ఊళ్లోంచి పోయే 167 జాతీయ రహదారి లెక్క వేరు, ఆర్ అండ్ బీ రోడ్లు వేరు, కార్పొరేషన్ రోడ్లు వేరు. మూడూ కలిపి రాస్తే ఏ శాఖా తనది అనదు. అందుకే వార్డువారీగా రిజిస్టర్ తయారు చేయాలి: రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడికి, పొడవు, వెడల్పు, చివరిసారి ఎప్పుడు వేశారు, కింద ఏ పైపులున్నాయి, పక్కన మోరీ ఉందా లేదా, ఒక ఫొటో. ఆ తర్వాతే ఎస్టిమేట్.

లెక్క ఎంత వివరంగా ఉండాలో చూడండి. కిలోమీటరు పొడవు, 7 మీటర్ల వెడల్పు రోడ్డు మీద 40 మిల్లీమీటర్ల డాంబర్ పొర వేయాలంటే 280 ఘనపు మీటర్లు, అంటే కంకర, డాంబర్ కలిపిన మిక్స్ దాదాపు 670 టన్నులు. 16 టన్నుల టిప్పర్లు 42 రావాలి. అందులో డాంబరే 36 టన్నుల దాకా పడుతుంది. దాని ధర పదిహేను రోజులకోసారి మారుతుంది కాబట్టి నిరుటి ఎస్టిమేట్ మీద ఈ ఏడు టెండర్ పిలిస్తే కాంట్రాక్టర్లు రారు. మిక్స్ ప్లాంట్ దూరమైతే టిప్పర్ మీద టార్పాలిన్ కప్పాలి. 90 డిగ్రీల కిందికి చల్లారాక రోలర్ ఎంత తొక్కినా పొర గట్టిపడదు, మొదటి వానాకాలానికే కంకర లేస్తుంది.

కొత్త రోడ్డును ఎక్కువగా చెడగొట్టేది లారీలు కాదు, పైపుల కోసం తవ్విన గాడులు. తవ్విన మట్టినే ఒక్కసారి నెట్టేసి పైన సిమెంటు పూస్తారు. వాన పడగానే అది కుంగి, నీళ్లు కంకర పొరలోకి దిగి, రెండు పక్కలా అంచులు విరుగుతాయి. మొరం 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, నీళ్లు చల్లి, ఒక్కో పొరనూ ర్యామర్‌తో దిమ్మిస చేయాలి. ఈ ఖర్చును ఎస్టిమేట్‌లో విడి పద్దుగా చూపించాలి. లేకపోతే బిల్లు రాని పని ఎవరూ చేయరు. నీటి పైపు, మోరీ, కేబుల్ గొట్టాలు ముందు, రోడ్డు చివర. ఈ వరుస తప్పితే ఎన్ని కోట్లొచ్చినా మట్టిపాలే.

అడిగే జాబితాలో బస్ బేలు, అంటే బస్సు రోడ్డు పక్కకు జరిగి ఆగే జాగాలు, తప్పకుండా ఉండాలి. 2023 డిసెంబర్ 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక స్టాపుల్లో ఎక్కే జనం పెరిగారు. ఆగడానికి జాగా లేక బస్సు రోడ్డు మధ్యనే ఆగుతోంది. ఒక్కో బస్సుకు 15 మీటర్ల తిన్నని జాగా వదిలి, అక్కడ సీసీ వేయాలి. బస్సు ఆగేచోట డాంబర్ నిలవదు: డీజిల్ చుక్కలకు కరుగుతుంది, బ్రేకుల ఒత్తిడికి అలల్లా లేస్తుంది.

అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టాల్సింది నిర్వహణ నిధి కోసం. కొత్త రోడ్డుకు శంకుస్థాపన ఉంటుంది, గుంత పూడ్చడానికి ఉండదు. అందుకే ఆ పద్దు ఎప్పుడూ ఎండిపోతుంది. కిలోమీటరుకు ఇంత అని ఏటా బడ్జెట్‌లోనే విడుదల కావాలి, అదీ వానాకాలం ముగియగానే చేతికందేలా. అప్పుడే గుంతను నలుచదరంగా కోసి, దుమ్ము ఊది, అంచులకు డాంబర్ పూసి, వేడి మిక్స్ నింపి రోలర్ తిప్పే తీరిక ఇంజనీర్లకు ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నట్టు మొరం తట్టలతో పూడిస్తే రెండో వానకే మళ్లీ తేలుతుంది.