గాజువాక లెక్క గాజువాకకే కనపడాలంటే

విశాఖలో మందుల హోల్‌సేల్ సంస్థ ఒకటి ఉందనుకోండి. గాజువాక, మధురవాడ, పెందుర్తి, అనకాపల్లి, నర్సీపట్నం, పాడేరు, మొత్తం ఆరు బ్రాంచీలు. మైక్రోసాఫ్ట్ రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ పవర్ బీఐలో సేల్స్ రిపోర్టు మాత్రం ఒక్కటే. ఏ బ్రాంచి మేనేజరు తెరిస్తే ఆ బ్రాంచి బిల్లులే రావాలి.

చాలామంది బ్రాంచికో పేజీ చేసి మిగతావి దాచేస్తారు, లేదంటే ఫిల్టరు పెట్టి తాళం వేస్తారు. దాన్ని భద్రత అనలేం. దాచిన పేజీ వెనక డేటా మొత్తం అలాగే ఉంటుంది. బిల్డ్ అనుమతి (ఆ డేటాతో సొంత రిపోర్టులు చేసుకునే హక్కు) ఉన్నవాళ్లు ఎక్సెల్ నుంచి కనెక్టయి ఆరు బ్రాంచీల బిల్లులూ లాక్కోవచ్చు. అడ్డుకట్ట మోడల్‌లోనే, అంటే రిపోర్టు వెనక ఉన్న పట్టికల్లోనే పడాలి. దానికే రో లెవెల్ సెక్యూరిటీ: ఎవరికి ఏ వరుసలు కనపడాలో రోల్ అనే షరతుతో చెప్పడం.

మోడలింగ్ ట్యాబ్‌లో మేనేజ్ రోల్స్ తెరిచి, బ్రాంచికో రోల్ చేసి, ఒక్కోదాంట్లో ఊరి పేరు రాయడం తేలికే. కానీ నిలవదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. అంతకుముందు రోల్‌లో జిల్లా పేరు రాసుకున్నవాళ్లకు ఆ తర్వాతి బిల్లులు ఎటు పోతాయి? పాత వరుసల్లో ఒక జిల్లా, కొత్త వరుసల్లో మరొకటి. పైగా మన ఊరికి పేర్లు ఎన్నో! ఒక బిల్లులో వైజాగ్, ఇంకోదాంట్లో విశాఖ, మరోచోట విశాఖపట్నం. పేరుతో పోల్చే షరతు వీటిలో ఒకదాన్నే పట్టుకుంటుంది, మిగతావి చప్పుడు లేకుండా మాయమవుతాయి. ఎర్రర్ కూడా రాదు. అందుకే పేరు వద్దు, మారని బ్రాంచి కోడ్ వాడండి.

ఎవరికి ఏ బ్రాంచి అనేది రోల్‌లో రాయకుండా ఒక పట్టికలో పెట్టండి. దానికి యాక్సెస్ అని పేరు పెడదాం. రెండే కాలమ్‌లు: లాగిన్ ఈమెయిల్, బ్రాంచి కోడ్. గాజువాక, పెందుర్తి రెండూ చూసుకునే మేనేజరుకు రెండు వరుసలు. అక్షరాలు పెద్దవా చిన్నవా అన్నది డాక్స్ (DAX, పవర్ బీఐ ఫార్ములా భాష) పట్టించుకోదు గానీ, ఈమెయిల్ ముందు ఒక్క ఖాళీ పడినా వేరే మనిషి కిందే లెక్క. డేటాను లోపలికి తెచ్చే పవర్ క్వెరీలోనే ట్రిమ్ చేసి ఆ ఖాళీలు తీసేయండి.

ఇక రోల్ ఒక్కటి చాలు. షరతు బ్రాంచి పట్టిక (బ్రాంచికో వరుస ఉండి, బిల్లులకు కోడ్‌తో కలిసేది) మీద పెట్టాలి: ఈ బ్రాంచి కోడ్, యాక్సెస్‌లో యూజర్‌ప్రిన్సిపల్‌నేమ్ (లాగిన్ అయినవారి ఈమెయిల్ చెప్పే ఫంక్షన్) ఇచ్చే ఈమెయిల్ ఉన్న వరుసల కోడ్‌లలో ఒకటై ఉండాలి. డాక్స్‌లో రాస్తే ఇన్, దాని పక్కన క్యాలిక్యులేట్‌టేబుల్, లోపల వాల్యూస్. ఇక్కడ వాటి బదులు లుకప్‌వాల్యూ ఫంక్షన్ వాడితే రెండు బ్రాంచీల మేనేజరు దగ్గర దెబ్బతింటుంది. అది ఒక్క విలువే ఇవ్వగలదు, రెండు దొరికితే ఎర్రరే. యాక్సెస్ పట్టిక మీద విడిగా ఫాల్స్ అనే షరతు (ఏ వరుసా ఎవరికీ కనపడకూడదని) పెట్టండి. లేకపోతే ఎవరికి ఏ బ్రాంచి ఉందో అందరూ చదువుకోవచ్చు. ఫాల్స్ పెట్టినా పై షరతు ఆగదు.

యాక్సెస్‌కీ బ్రాంచికీ మధ్య పవర్ బీఐ తనంతట తానే రిలేషన్‌షిప్ (రెండు పట్టికలను కలిపే గీత) గీసి ఉంటే తీసేయండి. గీత ఉంచి, సెక్యూరిటీ ఫిల్టరు రెండువైపులా పారేలా టిక్ పెట్టే పద్ధతి కూడా ఉంది. కానీ మోడల్ పెద్దదైతే నెమ్మదిస్తుంది, ఏ ఫిల్టరు ఎటు పారుతోందో పట్టుకోవడమూ కష్టం. గీత లేని పద్ధతే నాకు నచ్చుతుంది.

అసలు తలనొప్పి శాతాల దగ్గర మొదలవుతుంది. సంస్థ మొత్తంలో మా బ్రాంచి వాటా ఎంత అని మేనేజరు చూస్తే నూటికి నూరు వస్తుంది. మెజర్‌లో (లెక్క ఫార్ములాలో) ఫిల్టర్లు తీసేసే ఆల్ రాశాం కదా అంటారు. ఆల్ స్లైసర్‌ను (రిపోర్టులో చూసేవారు నొక్కే ఫిల్టరును) తీసేయగలదు, సెక్యూరిటీని తీయలేదు. మందు ఏమిటంటే, నెలవారీ మొత్తాలతో ఒక క్యాలిక్యులేటెడ్ టేబుల్ (డాక్స్‌తో తయారయ్యే పట్టిక) చేసి తేదీల పట్టికకే కలపాలి, బ్రాంచికి కలపకూడదు. ఇలాంటి పట్టిక లెక్క రిఫ్రెష్ అయ్యేటప్పుడే పూర్తవుతుంది, అప్పటికి రోల్ అడ్డం రాదు. జాగ్రత్తపడకపోతే డేటా బయటికి లీకవడానికి కారణమూ అదే. వరుసవారీ బిల్లులతో క్యాలిక్యులేటెడ్ టేబుల్ చేసి ఏ గీతా లేకుండా వదిలేస్తే, అందరికీ అన్నీ కనపడతాయి. బ్రాంచీలు రెండే ఉంటే ఆ నెలవారీ మొత్తం కూడా ప్రమాదమే, తన లెక్క తీసేస్తే అవతలివాళ్లది తేలిపోతుంది.

పబ్లిష్ చేశాక పవర్ బీఐ ఆన్‌లైన్ సర్వీస్‌లో సెమాంటిక్ మోడల్ (అదే మన మోడల్) పక్కన మరిన్ని ఎంపికల్లో సెక్యూరిటీ తెరిచి రోల్‌లో మనుషుల్ని చేర్చాలి. సెక్యూరిటీ గ్రూపును చేర్చవచ్చు, మైక్రోసాఫ్ట్ 365 గ్రూపును చేర్చలేం. రోల్ పనిచేయట్లేదన్న ఫిర్యాదు వస్తే మొదట వర్క్‌స్పేస్‌లో (రిపోర్టు ఉంచిన చోట) ఆ మనిషి హోదా చూడండి. అడ్మిన్, మెంబర్, కాంట్రిబ్యూటర్‌లకు ఈ కట్టడి వర్తించదు, వ్యూయర్‌కే వర్తిస్తుంది. మేనేజరుకు కాంట్రిబ్యూటర్ ఇచ్చి ఉంటే మీ డాక్స్ ఎంత బాగున్నా వృథా. హెడ్డాఫీసు వాళ్లకు షరతు లేని ఇంకో రోల్ పెట్టండి. ఒకే మనిషి రెండు రోల్స్‌లో ఉంటే రెండింటిలోనివీ కలిపి కనపడతాయి, తగ్గవు. కాబట్టి ఆ రెండో రోల్‌లో ఎవరున్నారో అప్పుడప్పుడు చూసుకోవాలి.

పరీక్షకు డెస్క్‌టాప్‌లో వ్యూ యాజ్ నొక్కి, రోల్‌తోపాటు అదర్ యూజర్ కూడా టిక్ చేసి ఈమెయిల్ కొట్టండి. కనీసం ముగ్గురితో చూడాలి: ఒక బ్రాంచి ఉన్నవారు, రెండు ఉన్నవారు, యాక్సెస్‌లో అసలు లేనివారు. మూడోవారికి ఖాళీ రావాలి. తర్వాత ఆరు బ్రాంచీల మొత్తాలు కూడి హెడ్డాఫీసు అంకెతో సరిచూడండి. తేడా వస్తే, బ్రాంచి పట్టికలో లేని కోడ్‌తో కొన్ని బిల్లులు ఉన్నట్టే. అవి హెడ్డాఫీసుకు ఖాళీ పేరు కింద వస్తాయి, బ్రాంచీల్లో ఎవరికీ రావు.

యాక్సెస్ పట్టిక ఇంపోర్ట్ పద్ధతిలో (మోడల్‌లోకి కాపీ చేసుకునే పద్ధతిలో) ఉంటే, మార్పు పడేది తర్వాతి రిఫ్రెష్‌కే. ప్రో లైసెన్సులో షెడ్యూల్ రిఫ్రెష్ రోజుకు ఎనిమిదిసార్లే. మనిషి ఉద్యోగం మానేసిన రోజు పట్టికలో వరుస తీసేసి ఊరుకోవద్దు. రోల్ నుంచీ, వర్క్‌స్పేస్ నుంచీ, యాప్ నుంచీ ఆ పేరు అప్పుడే తీసేసి, చేత్తో ఒకసారి రిఫ్రెష్ కొట్టండి.