'సఫ్రజెట్' చూసేముందు

బ్రిటన్‌లో ఓటు హక్కు కోసం పోరాడిన ఆడవాళ్ల (సఫ్రజెట్ల) కథ 'సఫ్రజెట్' (2015) చూడబోయేవాళ్లకి కొన్ని మాటలు. కేరీ మలిగన్ వేసిన లాండ్రీ కూలి మాడ్ వాట్స్ కల్పిత పాత్ర. ఉద్యమ నాయకురాలు ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్, కార్యకర్త ఎమిలీ డేవిసన్ మాత్రం నిజం మనుషులే. పాంక్‌హర్స్ట్‌గా వేసిన మెరిల్ స్ట్రీప్ కోసం చూస్తే నిరాశే, ఆమె కనిపించేది కొద్ది నిమిషాలు.

జైలు సీన్లో కళ్లు మూసుకోకండి. నిరాహార దీక్ష చేసేవాళ్లని కదలనివ్వకుండా పట్టుకుని, ముక్కులోంచో నోట్లోంచో రబ్బరు గొట్టం దించి, గరాటుతో పాలూ గుడ్లూ కలిపి పోసేవాళ్లు. గొట్టం దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొచ్చేది. బయట గొడవ పెరిగాక 1913లో ప్రభుత్వం ఇంకో ఎత్తు వేసింది: నీరసించినవాళ్లని వదిలేయడం, కోలుకోగానే మళ్లీ లోపలెయ్యడం. జనం దాన్ని 'పిల్లీ ఎలుకా చట్టం' అన్నారు. సరిగ్గా కుదిరిన పేరు!

1913 జూన్ 4న ఎప్సమ్ డెర్బీ గుర్రప్పందెంలో డేవిసన్ రాజుగారి గుర్రానికి అడ్డంగా వెళ్లింది, నాలుగు రోజులకి పోయింది. ఆ అసలు న్యూస్‌రీల్ ఇప్పటికీ ఉంది. చావాలనే వెళ్లిందా అన్నది తేలలేదు. ఆమె దగ్గర రిటర్న్ టికెట్ దొరికింది.

1918లో బ్రిటన్ ఆడవాళ్లలో ఓటొచ్చింది 30 నిండి, ఆస్తి అర్హతో డిగ్రీ అర్హతో ఉన్నవాళ్లకే. మగవాళ్లతో సమానంగా 21 ఏళ్లకి రావడానికి 1928 దాకా పట్టింది. ఈలోగా 1921లోనే మద్రాసు ప్రెసిడెన్సీ ఆస్తిగల ఆడవాళ్లకి ఓటిచ్చింది, అప్పట్లో కోస్తా, సీమ అందులోవే.

నా ఫిర్యాదల్లా ఒక్కటే: 1910 నవంబరులో పార్లమెంటు మీదికి నడిచిన పంజాబు మహారాజు రంజిత్ సింగ్ మనవరాలు సోఫియా దులీప్ సింగ్ ఈ సినిమాలో ఎక్కడా లేదు.