మిక్కీతో భోజనం, బుకింగ్ మాత్రం ఎంవీపీ కాలనీ నుంచి

అమెరికాలో ఓర్లాండో దగ్గరున్న డిస్నీ వరల్డ్‌లో కొన్ని రెస్టారెంట్లున్నాయి. మనం తింటూ ఉంటే డిస్నీ కార్టూన్లలోని మిక్కీ మౌస్, దాని కుక్క ప్లూటో, గూఫీ వేషాలు వేసుకున్నవాళ్లు మన టేబుల్ దగ్గరికే వచ్చి పలకరించి, ఫొటో దిగి వెళ్తారు. క్యారెక్టర్ డైనింగ్ అంటారు. మా అమ్మాయి వాళ్లు డాలస్‌లో ఉంటారు. కిందటి దసరా వెళ్లాక మా ఆయనా నేనూ వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు అందరం ఓర్లాండో ప్రయాణం పెట్టుకున్నాం. ఆ భోజనానికి టేబుల్ పట్టే పని మాత్రం వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉన్న నా మీద పడింది.

కారణం టైము. అక్కడ టేబుళ్లు 60 రోజుల ముందు, ఓర్లాండో టైము ప్రకారం పొద్దున్న 6 గంటలకి ఆన్‌లైన్‌లో తెరుస్తారు. అప్పటికి డాలస్‌లో ఐదు. రెండేళ్ల పిల్లాడు రాత్రంతా లేపి, తెల్లవారగట్ల తల్లిని కాస్త పడుకోనిచ్చే వేళ. మనకైతే మధ్యాహ్నం మూడున్నర. “అమ్మా, నువ్వు కునుకు తీసి లేచి టీ పెట్టుకునే టైమే కదా, ఆ పని నువ్వు చూసెయ్” అంది. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకుంటారు. అక్కణ్ణించి మార్చి దాకా మనకి నాలుగున్నర అవుతుంది. చలికాలంలో బుక్ చేసేవాళ్లు ఇది చూసుకోవాలి.

నాకు మాత్రం టేబుల్ దొరుకుతుందా లేదా అన్నదానికంటే, దొరికాక మా మనవరాలు ఏం చేస్తుందోనన్న బెంగ ఎక్కువ. ఆరేళ్ల పిల్ల. ఆ ఏడాది వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు మద్దిలపాలెంలో చుట్టాల పిల్లాడి పుట్టినరోజుకి తీసుకెళ్లాం. ఫంక్షన్ హాల్ గుమ్మంలో మిక్కీ మౌస్ వేషం. మే నెల, ఒకటే ఉక్క. ఆ మిక్కీ పిల్లలందరికీ చేతులిచ్చాడు, గెంతాడు, చాలాసేపు బాగానే నడిచింది. ఇది మంచినీళ్లకని వెనకవైపు పరిగెత్తింది. అక్కడ అంట్లు కడిగే చోట ప్లాస్టిక్ కుర్చీలో మిక్కీ కూర్చుని ఉన్నాడు, తల తీసి ఒళ్లో పెట్టుకుని. లోపల ఇరవై ఏళ్ల కుర్రాడు. చొక్కా పిండితే నీళ్లు కారేటట్టుంది. బాటిల్లో సగం తాగి సగం నెత్తిమీద పోసుకుంటున్నాడు. పిల్ల బిగుసుకుపోయి, తర్వాత కెవ్వుమంది. ఆ కుర్రాడు పాపం కంగారుపడి తల మళ్లీ తగిలించుకుని “ఏడవకమ్మా, ఏడవకు” అంటూ దగ్గరికి వచ్చాడు. దాంతో ఇంకా పెద్ద ఏడుపు. డిగ్రీ చదువుకుంటూ సాయంత్రాలు ఈ పనికి వస్తున్నాడట. వాడి తప్పేముంది, వైజాగ్ మే నెలలో ఆ తలకాయ కింద ఎవరైనా ఎంతసేపుంటారు? కానీ మా పిల్లకి ఆ రోజు నుంచి పెద్ద తలకాయ బొమ్మలంటే హడల్.

అందుకని ఎక్కడ తినాలన్నది నేను చాలా ఆలోచించాను. అందరూ ఎగబడేది మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో సిండ్రెల్లా కోట లోపలున్న రెస్టారెంటుకి. ఖరీదూ దానికే తగ్గట్టు ఉంటుంది. ఎప్‌కాట్ పార్కులో నార్వే దేశం పేరిట ఉన్న మండపంలో ఆకర్షూస్ అని ఇంకోటుంది, అక్కడా రాకుమార్తెలే. రాకుమార్తెలకి మొహం కనిపిస్తుంది, కబుర్లు చెబుతారు. పెద్ద తలకాయలున్న మిక్కీ లాంటివాళ్లు నోరు విప్పరు, అంతా సైగలే. భయపడే పిల్లకి మాట్లాడేవాళ్లే నయమని మా అమ్మాయి వాదన. కానీ మా దానికి రాకుమార్తెల గోల లేదు, దానికి కుక్కలిష్టం. భయమూ ఉంది, ప్లూటో కావాలనీ ఉంది.

షెఫ్ మిక్కీస్ అనేది పార్కు బయట, 1971లో డిస్నీ వరల్డ్‌తోపాటే తెరిచిన కాంటెంపరరీ హోటల్లో ఉంది. మిక్కీ, మిన్నీ, డోనాల్డ్, గూఫీ, ప్లూటో ఐదుగురూ వస్తారు. హోటల్లో ఉన్న రెస్టారెంటు కాబట్టి అక్కడ తినడానికి పార్కు టికెట్ అక్కర్లేదు. పార్కు లోపలున్న వాటికైతే భోజనం డబ్బులు కాక ఆ రోజు టికెట్ కూడా ఉండాలి. ఇది తెలియక లెక్కలు తప్పేవాళ్లు చాలామంది. అయితే షెఫ్ మిక్కీస్ బఫే. జనం లేస్తూ కూర్చుంటూ సందడిగా ఉంటుంది, ఏ వేషం ఎటునుంచి వస్తుందో తెలియదు. చివరికి ఎప్‌కాట్‌లోనే ద ల్యాండ్ అనే భవనంలో ఉన్న గార్డెన్ గ్రిల్ మీద మనసు పడింది. వచ్చేది మిక్కీ, ప్లూటో, చిప్, డేల్, అంతే. వడ్డన టేబుల్ దగ్గరికే వస్తుంది. పైగా రెస్టారెంటు మొత్తం మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. “తిరుగుతుందా? తిన్నది అరుగుతుందా?” అన్నారు మా ఆయన.

ఇంక బుకింగ్. డిస్నీ వాళ్ల హోటల్లోనే దిగేవాళ్లకి ఒక వెసులుబాటుంది. దిగే రోజుకి 60 రోజుల ముందు, పది రోజుల దాకా ఎన్నాళ్లుంటే అన్నాళ్ల భోజనాలూ ఒక్కసారే పట్టుకోవచ్చు. అంటే మన బసలో ఆఖరి రోజులకి, బయట దిగేవాళ్లకి ఇంకా తెరవకముందే మనకి తెరుచుకుంటుంది. కష్టమైన టేబుళ్లన్నీ చివరి రోజులకి వెతుక్కుంటే దొరికే అవకాశం ఎక్కువ. ఈ కిటుకు అల్లుడుగారు చెప్పారు. ఆయనే మా లెక్క రాసి పంపారు: పెద్దవాళ్లు నలుగురు, పిల్ల, చంటాడు. మూడేళ్లు నిండని పిల్లలకి తిండి ఉచితమే గానీ బుకింగులో తల లెక్కపెట్టాలి. 3 నుంచి 9 ఏళ్ల దాకా పిల్లల రేటు, పదో ఏడు వస్తే పెద్దవాళ్ల రేటే.

డబ్బు బుక్ చేసినప్పుడు తీసుకోరు, కార్డు నంబరు మాత్రం ఇవ్వాలి. చెప్పకుండా ఎగ్గొడితే తలకి 10 డాలర్లు పడతాయి. రెండు గంటల ముందు రద్దు చేసుకుంటే ఏమీ లేదు. మనవరాలికి ఈ భోజనం నేనే పెట్టించాలని నా పట్టు కాబట్టి నా కార్డే ఇస్తానన్నాను. “రేటు చూశావా అమ్మా?” అంది మా అమ్మాయి. చూశాను. పెద్దవాళ్లకి తలకి 50, 60 డాలర్ల పైమాటే, పన్నూ టిప్పూ వేరు. రూపాయల్లోకి మార్చకుండా ఉండటమే ఆరోగ్యం. కార్డుకి మాత్రం ముందే ఒక పని చెయ్యాలి. రిజర్వ్ బ్యాంకు 2020లో పెట్టిన నిబంధన వల్ల కొత్త కార్డులు దేశం లోపలే పనిచేస్తాయి. విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం మనమే యాప్‌లో ఆన్ చేసుకోవాలి. అది ముందు రోజే చేసిపెట్టాను. మన కార్డు అక్కడ గీకితే మారకం కింద చాలా బ్యాంకులు మూడు, మూడున్నర శాతం అదనంగా లాగుతాయి, అదీ లెక్కలో పెట్టుకోవాలి.

ఆ రోజు మూడుంబావుకే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కరెంటు పోతే ఫోన్ నెట్ వాడదామని పక్కన ఫోను కూడా పెట్టుకున్నాను. మా ఆయన వెనక నిలబడి “నొక్కు, నొక్కు” అంటున్నారు, ఏం నొక్కాలో ఆయనకీ తెలియదు. గార్డెన్ గ్రిల్ రాత్రి భోజనం దొరికింది. ఆఖరి రోజు పొద్దున్న షెఫ్ మిక్కీస్ టిఫిన్ కూడా పట్టేశాను. పిల్ల భయపడితే రెండోది రద్దు చేసుకోవచ్చు కదా.

మిగతా ఏర్పాట్లు మామూలే. జగదాంబ సెంటర్లో ఒక ఆటోగ్రాఫ్ పుస్తకం, లావుపాటి స్కెచ్ పెన్నులు కొన్నాను. ఈ లావు సంగతి ముఖ్యం. వాళ్లు చేతులకి లావాటి గ్లవ్స్ వేసుకుంటారు, సన్నటి పెన్ను ఇస్తే పట్టు దొరకదు. పిల్లకి పట్టు లంగా పెట్టాను. పధ్నాలుగేళ్లు, ఆ పైన ఉన్నవాళ్లు పార్కులోకి వేషాలు వేసుకుని రాకూడదని అక్కడ రూలు. పట్టు లంగా వేషమెలా అవుతుంది, పైగా దానికి ఆరేళ్లే. బయటి తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలూ మందూ తప్ప. అందుకని ఆవకాయ సీసా హోటల్ గదిలో వదిలి, కరివేపాకు పొడి పొట్లం మా ఆయన జేబులో వేశాను.

శాకాహారం సంగతి ఒక్కటి చెప్పాలి. అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు ఉండొచ్చు. మా ఆయనకి గుడ్డు పనికిరాదు. 2019 నుంచి వాళ్ల రెస్టారెంట్ల మెనూల్లో ఆకు గుర్తు పెట్టిన వంటకాలుంటున్నాయి. వాటిల్లో మాంసం, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. బుకింగులోనే రాసి, అక్కడ కూర్చోగానే మళ్లీ చెప్పాం. షెఫ్ స్వయంగా వచ్చి ఏమేం తినరో అడిగి వెళ్లి, మా ఆయనకి వేరే పళ్లెం పంపించాడు. దాని మీద కరివేపాకు పొడి చల్లుకుని సుబ్బరంగా తిన్నారు.

మా టేబుల్ కింద ఎడారి, అడవి, పల్లెటూరి ఇల్లు ఒకదాని తర్వాత ఒకటి జరిగిపోతున్నాయి. కింద పడవలో వెళ్లేవాళ్లకి చూపించే దృశ్యాలవి, మనం పైనుంచి చూస్తాం. పిల్ల ఆ ఇంటిని చూస్తుండగా ప్లూటో వచ్చాడు. చూడగానే వాళ్లమ్మ చున్నీలో మొహం దాచేసుకుంది. ప్లూటో ఇంకో అడుగు ముందుకెయ్యలేదు. ఉన్నచోటే ఆగి, తన పొడుగాటి నల్ల చెవులు రెండూ కళ్ల మీదికి లాక్కుని తనూ దాక్కున్నాడు. మా అల్లుడుగారు “చూడమ్మా, దానికే నువ్వంటే భయంగా ఉంది” అన్నారు. చున్నీలోంచి ఒక కన్ను బయటికొచ్చింది. ఒక చెవి కొంచెం పైకి లేచింది. అలా ఇద్దరూ కాసేపు ఆడి, చివరికి ఇది చెయ్యి చాపి ముక్కు ముట్టుకుంది. ప్లూటో వంగి లంగా జరీ అంచుని వాసన చూశాడు.

నేను పుట్టింది శ్రీకాకుళం వైపు. చిన్నప్పుడు మా ఊళ్లోకి పగటి వేషాలవాళ్లు వచ్చేవారు. గడప గడపకీ ఆగి, ఆ ఇంట్లో ఎవరున్నారో చూసి వాళ్లకి తగ్గ హాస్యమాడి, వేషం చెదరనివ్వకుండా పక్కింటికి వెళ్లిపోయేవారు. నాకు ఇక్కడ కనిపించింది అదే పనితనం. ఒక్కో టేబుల్ దగ్గర ఒకటి రెండు నిమిషాలే ఉంటారు. ఆ కాస్తలోనే ఎవరు భయస్తులో, ఎవరు అల్లరివాళ్లో కనిపెట్టేస్తారు. పక్కన ఒక మనిషి తోడుంటారు. కొంతసేపు తిరిగి లోపలికి వెళ్లి మళ్లీ వస్తారు. తల తియ్యడం మాత్రం ఎవరి కంటా పడదు.

చిప్, డేల్ అనే ఉడతలకి తేడా నాకు తెలియదు. నల్ల ముక్కువాడు చిప్, ఎర్ర ముక్కు, పళ్ల మధ్య సందు ఉన్నవాడు డేల్ అని మనవరాలే చెప్పింది. ఏసీకి మా ఆయన మెడకి మఫ్లర్ చుట్టుకున్నారు. డేల్ వచ్చి ఆ మఫ్లర్ని చేత్తో చూపించి, ఇదేంటన్నట్టు చేతులు తిప్పాడు. మా ఆయన తడుముకోకుండా తెలుగులోనే “చలి నాయనా, చలి” అన్నారు. డేల్ గజగజ వణికి చూపించాడు.

మిక్కీ ఆఖర్న వచ్చాడు, గడ్డి టోపీ పెట్టుకుని. పిల్ల నవ్వలేదు. మెడ దగ్గరే చూస్తోంది. వేలు చూపించి “అమ్మమ్మా, ఈయన తల ఊడిపోదు కదా?” అంది. ఆయనకి తెలుగేం తెలుసు, వేలు ఎటుందో చూశాడంతే. రెండు చేతులతో బుగ్గలు గట్టిగా పట్టుకుని తల అటూ ఇటూ ఊపి చూపించాడు. ఊడలేదు. పుస్తకం, లావు పెన్నూ అప్పుడు బయటికొచ్చాయి.

తిండికే అయితే అంత డబ్బు ఎవరూ పెట్టరు. మిక్కీని పార్కులో క్యూలో నిలబడి ఊరికే కూడా చూడొచ్చు. కానీ మా పిల్లలాంటి వాళ్లకి క్యూ చివర ఆ అర నిమిషం సరిపోదు. కూర్చున్నచోట, తల్లి పక్కన, భయం తీరేదాకా టైము ఉండాలి. భయం లేని పిల్లలకైతే నేనీ ఖర్చు చెప్పను. బిల్లు కట్టేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది. ఆరుగురూ ఆ పైన ఉంటే 18 శాతం టిప్పు బిల్లులోనే వేసేస్తారు, మళ్లీ రాయక్కర్లేదు. భోజనమయ్యాక కింది పడవ ఎక్కితే గ్రీన్‌హౌసులు చూపిస్తారు, అక్కడ పండే కూరగాయలు ఈ రెస్టారెంట్లకే వెళ్తాయి. మా ఆయనకి మిక్కీ కంటే అక్కడి టమాటాలే నచ్చాయి.

హోటల్‌కి వచ్చాక “షెఫ్ మిక్కీస్ రద్దు చేసెయ్యమంటారా అత్తయ్య గారూ?” అని అల్లుడుగారు అడిగారు. నేను జవాబు చెప్పేలోపే పిల్ల “వద్దు” అని అరిచింది. ఆఖరి రోజు పొద్దున్న వెళ్లాం. భవనం లోపల్నుంచే మోనోరైలు పోతోంది, పళ్లేలూ పిల్లలూ ఒకటే చప్పుడు. చంటాడు మిక్కీ ఆకారం వాఫిల్‌కి చెవులు ముందు తినేశాడు. మనవరాలు గూఫీ మా వంతుకి వచ్చేదాకా ఆగలేదు, లేచి పక్క టేబుల్ వాళ్ల మధ్యకి వెళ్లి నిలబడింది. వెయిట్రెస్ నవ్వుతూ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మీ దగ్గరికే వస్తాడు కూర్చో అని కుర్చీలో దించింది.